662 గురుకులాలకు సొంత భవనాలు: 21,000 కోట్ల కంటే తక్కువలో సాధ్యమే

తెలంగాణలో 1,023 గురుకుల విద్యాసంస్థలుంటే వాటిలో 662 సంస్థలకు సొంత భవనాలు లేవు. ఇది ప్రతిపక్షాలో విద్యార్థి సంఘాలో చెప్పిన మాట కాదు. 2024 అక్టోబరులో యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూళ్ల పథకాన్ని ప్రకటిస్తూ ప్రభుత్వమే చెప్పిన లెక్క. ఆ సమస్యకు ప్రభుత్వం చూపిన పరిష్కారం నియోజకవర్గానికొక భారీ క్యాంపస్. ఒక్కో క్యాంపస్‌కు 20 నుంచి 25 ఎకరాలు, 2,560 మంది పిల్లలు, సుమారు 200 కోట్ల రూపాయలు.

మేము ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. సమస్య 662 చోట్ల ఉన్నప్పుడు 105 చోట్ల కడితే అది తీరదు. ప్రభుత్వం పెడతానంటున్న దానికంటే తక్కువ డబ్బుతో 662 గురుకులాలకూ సొంత భవనాలు ఇవ్వొచ్చు. ఆ లెక్కను, దాని బలాన్నీ బలహీనతనూ కలిపి, పాఠకుల ముందు పెడుతున్నాం.

ఉస్మానియాలో ఈ చర్చ ఎందుకు?

బడి భవనాల గురించి యూనివర్సిటీ విద్యార్థులకెందుకు అని కొందరు అడుగుతున్నారు. ఉస్మానియా హాస్టళ్లలో, తార్నాక, హబ్సిగూడ, మాణికేశ్వరి నగర్ అద్దె గదుల్లో ఉండే దళిత, ఆదివాసీ, బహుజన విద్యార్థుల్లో చాలామంది సంక్షేమ హాస్టళ్లు, గురుకులాల మెట్లెక్కి వచ్చినవాళ్లే. పగలు తరగతి గది, రాత్రి అదే డార్మిటరీ. గోడల వెంబడి వరుసగా ట్రంకు పెట్టెలు. బోరు ఎండితే ట్యాంకర్ కోసం ఎదురుచూపులు. బాత్‌రూంల ముందు క్యూ తప్పించుకోవడానికి తెల్లవారుజామున నాలుగింటికే లేచే ఆడపిల్లలు. అద్దె భవనంలో నడిచే గురుకులం ఎలా ఉంటుందో మనలో చాలామందికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇక్కడికొచ్చాక కూడా ఆ కష్టం వదల్లేదు. హాస్టల్ సీటు దొరకనివాళ్లు స్నేహితుడి గదిలో నాన్ బోర్డర్‌గా సర్దుకుంటారు. అదీ కుదరకపోతే తార్నాక గల్లీల్లో నలుగురైదుగురు కలిసి గది తీసుకుంటారు. 2024 వేసవిలో ఉస్మానియా మహిళా హాస్టళ్ల విద్యార్థినులు నీళ్ల కోసం, కరెంటు కోసం రోడ్డెక్కారు. భవనం అంటే శంకుస్థాపన శిలాఫలకం కాదు. ఎంతమందికి మంచం, ఎంతమందికి ఒక కుళాయి అన్నది దాని అసలు కొలత. ఆ కొలతతోనే ఈ పథకాన్ని చూస్తున్నాం.

ప్రభుత్వం చెబుతున్న లెక్క

2024 అక్టోబరు 11న షాద్‌నగర్ నియోజకవర్గంలోని కొందుర్గులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఈ పథకానికి శంకుస్థాపన చేశారు. 2025-26 బడ్జెట్ నాటికి 58 స్కూళ్లు, 11,600 కోట్లు అన్నారు. 2025 సెప్టెంబరులో ముఖ్యమంత్రి ఢిల్లీలో కేంద్ర ఆర్థిక మంత్రిని కలిసినప్పుడు లెక్క ఇంకా పెరిగింది. 105 నియోజకవర్గాల్లో 105 స్కూళ్లు, 2.70 లక్షల మంది విద్యార్థులు, 21,000 కోట్లు. జూనియర్, టెక్నికల్ కాలేజీల వంటివాటికి మరో 9,000 కోట్లు కలిపి మొత్తం 30,000 కోట్లు. ఈ డబ్బు కోసం తెచ్చే అప్పును ఎఫ్ఆర్‌బీఎం పరిమితి నుంచి మినహాయించాలని కోరారు.

అంటే ఇది అప్పు తెచ్చి కట్టే పథకం. ఆ అప్పు మన తర్వాతి తరం నెత్తిన ఉంటుంది. అప్పు తేవొద్దని మేము అనడం లేదు. పేద పిల్లల చదువు కోసం తెచ్చే అప్పుకంటే మంచి అప్పు ఏముంటుంది? ఆ అప్పు ఎంతమంది పిల్లల దాకా చేరుతుందన్నదే మా ప్రశ్న.

ఇంటిగ్రేటెడ్ అంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలు ఒకే ప్రాంగణంలోకి రావడం. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎనిమిది తరగతులు, తరగతికి 80 మంది చొప్పున ఒక్కో గురుకులానికి 640 మంది. నాలుగు గురుకులాలు కలిస్తే 2,560. ప్రభుత్వం చెప్పిన సంఖ్య సరిగ్గా అదే.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఒక్కో క్యాంపస్‌లోకి నాలుగు గురుకులాలు వస్తే, 105 క్యాంపసుల్లోకి 420 వస్తాయి. ఆ 420 కూడా ఇవాళ అద్దె భవనాల్లో ఉన్నవే అనుకుందాం, ప్రభుత్వానికి పూర్తిగా అనుకూలంగానే లెక్కేద్దాం. అయినా 662లో ఇంకా 242 మిగిలిపోతాయి. 21,000 కోట్లు ఖర్చయ్యాక, 105 రిబ్బన్లు కత్తిరించాక కూడా 242 గురుకులాల పిల్లలు అద్దె భవనాల్లోనే ఉంటారు. పథకాన్ని మొత్తం 119 నియోజకవర్గాలకు పెంచి 23,800 కోట్లు పెట్టినా 476 గురుకులాలకే చోటు దొరుకుతుంది, 186 మిగులుతాయి.

ఇది మేము కల్పించిన లోపం కాదు. ప్రభుత్వ అంకెలను ప్రభుత్వ అంకెలతోనే కూడి, తీసివేస్తే వచ్చింది.

మేము ప్రతిపాదిస్తున్నది

ముందు నియోజకవర్గాల జాబితా పక్కనపెట్టి గురుకులాల జాబితా తీయాలి. 662 సంస్థలనూ ఒక్కొక్కటిగా చూసి మూడు వరుసల్లో రాయాలి.

మొదటి వరుసలో ఇప్పుడున్న అద్దె భవనమే బాగున్నవి. మూతపడ్డ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో నడుస్తున్న గురుకులాలు మనకు చాలానే తెలుసు. అక్కడ తరగతి గదులు, ల్యాబులు, మైదానం ముందునుంచే ఉన్నాయి. లేనివి సరిపడా బాత్‌రూంలు, వంటశాల, పడుకునే చోటు. అలాంటివాటిని న్యాయమైన ధరకు కొనేసి, లేనివి కట్టాలి. ఏళ్ల తరబడి అద్దె కట్టి చివరికి ఏమీ మిగలకపోవడం కన్నా అది నయం.

రెండో వరుసలో పక్కనే ప్రభుత్వ స్థలమో, పిల్లలు తగ్గిపోయిన ప్రభుత్వ బడి ప్రాంగణమో ఉన్నవి. అక్కడ అన్నీ కొత్తగా కట్టక్కర్లేదు. ఉన్న గదులు బాగుచేసి, డార్మిటరీ బ్లాకు, డైనింగ్ హాల్ కడితే చాలు.

మూడో వరుసలో ఏ ఆధారమూ లేనివి. వీటికి పూర్తిగా కొత్త భవనం కావాలి. ఇరుకు షెడ్లలో, ఫంక్షన్ హాలు లాంటి చోట్ల ఉన్నవి ఈ వరుసలోకే వస్తాయి. పని మొదలు కావాల్సింది ఇక్కడే.

ఖర్చు ఎంత? మూడో వరుసలో పడే, అన్నిటికంటే ఖరీదైన సందర్భాన్నే తీసుకుందాం. ఒక్కో విద్యార్థికి పడుకోవడానికి 50 చదరపు అడుగులు, తరగతి గదికి 15, బాత్‌రూంలకు 10, వంట, భోజనానికి 10, వరండాలు, మెట్లు, ఆఫీసు, స్టాఫ్ రూం, సిక్ రూంకు 15 చొప్పున పెట్టుకుంటే మొత్తం 100 చదరపు అడుగులు. 640 మందికి 64,000 చదరపు అడుగులు. చదరపు అడుగుకు 2,500 రూపాయలు అనుకుంటే 16 కోట్లు. ప్రహరీ, బోరు, నీటి ట్యాంకు, మురుగు శుద్ధి, మంచాలు, బెంచీలకు ఇంకో 4 కోట్లు. మొత్తం 20 కోట్లు.

ఇవి మా అంచనాలు. రోడ్లు భవనాల శాఖ ప్రామాణిక ధరల పట్టికతో ఎవరైనా సరిచూడొచ్చు, సరిచూడాలి కూడా. 662 గురుకులాలకూ ఈ ఖరీదైన లెక్కే వేసినా 13,240 కోట్లు. 21,000 కోట్లలో 7,760 కోట్లు మిగులుతాయి. మొదటి, రెండో వరుసల్లో ఉన్నవాటికి అంత అవసరం పడదు కాబట్టి మిగులు ఇంకా పెరుగుతుంది.

ఆ మిగులు విలువ ఎంతో చూడండి. 7,760 కోట్ల అప్పుకు ఏడాదికి 8 శాతం వడ్డీ అనుకుంటే 620 కోట్లు. 2024లో డైట్ చార్జీలు 40 శాతం పెంచాక 8 నుంచి 10వ తరగతి విద్యార్థికి నెలకు 1,540 రూపాయలు వస్తున్నాయి. పది నెలలకు 15,400. తేకుండా వదిలేసిన అప్పు మీద మిగిలే వడ్డీతోనే ప్రతి ఏడాదీ 4 లక్షల మంది పిల్లలకు ఆ రేటున అన్నం పెట్టొచ్చు. చౌక అనే మాటకు మేము ఇచ్చే అర్థం ఇదే.

మా లెక్కకు ఎదురయ్యే ప్రశ్న

మా వాదనను బలహీనపరిచే అంకె కూడా చెప్పాలి, ఎందుకంటే రేపు చర్చలో అవతలివాళ్లు అదే తీస్తారు. 200 కోట్లను 2,560తో భాగిస్తే ఒక్కో విద్యార్థికి 7.8 లక్షలు. ఆదివాసీ పిల్లల కోసం కేంద్రం కట్టే ఏకలవ్య మోడల్ రెసిడెన్షియల్ స్కూలుకు మైదాన ప్రాంతాల్లో 37.80 కోట్లు ఇస్తున్నారు, అందులో 480 మంది చదువుతారు. తలకు 7.9 లక్షలు. అంటే తల లెక్కన రాష్ట్ర ప్రభుత్వం దుబారా చేస్తోందని అనడానికి లేదు. పైగా ఏకలవ్య స్కూళ్లకు అంతకుముందు 20 కోట్లే ఇచ్చేవారు. చాలక పెంచారు. మరి మీ 20 కోట్లు ఎలా సరిపోతాయి అని అడుగుతారు.

న్యాయమైన ప్రశ్నే. దీనికి మా సమాధానం రెండు భాగాలు.

మొదటిది, ఏకలవ్య స్కూళ్లు ఎక్కువగా మారుమూల ప్రాంతాల్లో, విశాలమైన స్థలాల్లో, స్టాఫ్ క్వార్టర్లు సహా ఖాళీ నేల మీద మొదటి ఇటుక నుంచి కట్టేవి. మేము అడుగుతున్నది ఇప్పటికే నడుస్తున్న బడికి భవనం. పోల్చడానికి దగ్గరి ఉదాహరణలు మన క్యాంపస్‌లోనే ఉన్నాయి. 2025 ఆగస్టులో ముఖ్యమంత్రి ఉస్మానియాలో ప్రారంభించిన దుందుభి, భీమ హాస్టళ్లకు 80 కోట్లు అయ్యింది, 1,200 మంది ఉండొచ్చు. తలకు 6.7 లక్షలు. అదే రోజు గిరిజన సంక్షేమ శాఖ నిధులతో 300 మంది కోసం 10 కోట్లతో ఇంకో రెండు హాస్టళ్లకు శంకుస్థాపన జరిగింది. తలకు 3.3 లక్షలు. ఒకే క్యాంపస్, ఒకే ప్రభుత్వం, ఒకే రోజు, కానీ ఒక హాస్టల్ సీటు ఖర్చు ఇంకోదానికి రెట్టింపు. డిజైన్‌ను బట్టి ఖర్చు ఎంత మారుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

రెండోది, మా అంచనా తప్పినా వాదన నిలుస్తుంది. 20 కోట్లు చాలక 30 కోట్లు అయ్యిందనుకోండి. ఇంకా సగం ఎక్కువ ఇచ్చినట్టే. అప్పుడు ఒక్కో విద్యార్థికి 4.7 లక్షలు. 662 గురుకులాలకు 19,860 కోట్లు. అప్పటికీ 21,000 కోట్ల కంటే తక్కువే, అప్పటికీ ఒక్క గురుకులమూ అద్దెలో మిగలదు. ప్రభుత్వ పథకంలో 2.70 లక్షల మందికి చోటు దొరికితే, ఇందులో 4.23 లక్షల మందికి దొరుకుతుంది.

పేదోళ్ల పిల్లలకు ఆడిటోరియం వద్దా?

అసలైన ప్రశ్న ఇది. మన సంఘాల్లోనే చాలామంది అడుగుతున్నారు. కార్పొరేట్ స్కూళ్ల పిల్లలకు స్విమ్మింగ్ పూల్ ఉంటే ఎవరూ లెక్కలు అడగరు, మాదిగ బస్తీ పిల్లలకు మైదానం ఇస్తామనగానే చౌకగా కట్టండి అంటారేం? చౌక అనే మాటతో మనకు ఎప్పుడూ జరిగింది మోసమే. రేకుల షెడ్డు, ఒక్క టీచరు, నీళ్ల చారు. అందుకే ఆ మాట వినగానే ఒళ్లు మండుతుంది. మండాలి కూడా.

మేము గొప్ప భవనాలకు వ్యతిరేకం కాదు. రోజూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చునేవాళ్లం అలా ఎలా అంటాం? ఆ గులాబీ రాతి భవనం ముందు నిలబడితే పల్లె నుంచి వచ్చిన పిల్లవాడి వెన్ను నిటారవుతుంది. కానీ దాని చరిత్ర కూడా గుర్తుంచుకోవాలి. ఉస్మానియా తరగతులు 1919లో గన్‌ఫౌండ్రీ వైపు భవనాల్లో మొదలయ్యాయి. ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది 1939 డిసెంబరు 4న. భవనం కోసం చదువు ఇరవై ఏళ్లు ఆగలేదు. అంబేడ్కర్ 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీని మొదలుపెట్టింది సైన్యం వాడిన బారకాసుల్లోనే. తర్వాత దానికి సొంత భవనాలు సంపాదించారు. ముందు సీటు, తర్వాత సౌధం అన్న వరుస ఆయనకు తెలుసు. అదే అంబేడ్కర్‌కు 1953 జనవరిలో ఉస్మానియా గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

మేము తగ్గించమంటున్నది పిల్లవాడికి అందే వసతిని కాదు. పిల్లవాడికి 50 అడుగుల పడక స్థలం, ఎనిమిది మందికొక బాత్‌రూం, నిలవనీరు లేని ఆవరణ, రాత్రి డ్యూటీ నర్సు. వీటిలో ఒక్క అంగుళం తగ్గినా మేము ఒప్పుకోం. తగ్గించమంటున్నది భవనం చుట్టూ ఉండే ఆడంబరాన్ని. ఒక ఆడిటోరియం నాలుగు మండలాల బడులకు ఉమ్మడిగా ఉండొచ్చు. బాత్‌రూం మాత్రం ఏ రెండు బడులకూ ఉమ్మడిగా ఉండదు.

ఎవరి గౌరవం ముందు అన్నది కూడా ఆలోచించాలి. 2024 అక్టోబరులో దసరా సెలవులు ముగిసి పిల్లలు పెట్టెలు మోసుకుని తిరిగొచ్చేసరికి, అద్దె బకాయిలు చెల్లించలేదని కొన్నిచోట్ల యజమానులు గురుకులాల గేట్లకు తాళాలు వేశారు. కొందుర్గు శంకుస్థాపన జరిగి వారం కూడా కాలేదు. ఆ తాళం ముందు నిలబడ్డ పిల్లలకు 200 కోట్ల క్యాంపస్ ఊహాచిత్రం ఏ గౌరవమూ ఇవ్వదు. 2024లో ఐదో తరగతిలో చేరిన పాప 2032లో ఇంటర్ పూర్తి చేసి వెళ్లిపోతుంది. ఆమె నియోజకవర్గం జాబితాలో లేకపోతే, లేదా ఆమె గురుకులం మిగిలిపోయిన 242లో ఉంటే, ఆమె బాల్యమంతా అద్దె భవనమే.

కుల గోడలు కూలుతాయా?

ప్రభుత్వం చెప్పే అతి బలమైన మాట ఇది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలు వేరువేరు బడుల్లో కాక ఒకే చోట చదవాలి. ఈ మాటను మేము మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాం. కులం పేరుతో బోర్డు పెట్టి పిల్లల్ని విడదీయడం ఎవరికీ ఇష్టం లేదు.

అయితే పిల్లలు కలవడానికి 25 ఎకరాల ప్రాంగణం అక్కర్లేదు. అడ్మిషన్ నిబంధనలు మార్చితే చాలు. 1971లో పీవీ నరసింహారావు హయాంలో సర్వేలులో మొదలైన మొదటి గురుకులంలో అన్ని కులాల పిల్లలూ కలిసే చదివారు. ఇవాళ ఏ సొసైటీ గురుకులంలోనైనా ఇతర వర్గాలకు ఇచ్చే సీట్ల శాతాన్ని పెంచుతూ ఒక్క జీవో ఇవ్వొచ్చు. దానికి సిమెంటు ఖర్చు లేదు. ఒకే ప్రహరీ లోపల నాలుగు సొసైటీల నాలుగు బ్లాకులు, నాలుగు హాజరు పట్టికలు ఉంటే మాత్రం గోడలు కూలినట్టు కాదు, దగ్గరికి జరిగినట్టు.

ఇంకో భయం కూడా ఉంది. కలిసిపోయే క్రమంలో ఎస్సీ, ఎస్టీ గురుకులాల ప్రత్యేక సీట్లు, నిధులు, పోస్టులు ఎక్కడికి పోతాయి? రాష్ట్రంలో 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ నిధి ఎస్సీ, ఎస్టీలకే నేరుగా చేరాలి. ఉమ్మడి క్యాంపస్‌కు ఆ పద్దు నుంచి డబ్బు తీస్తే, ఎస్సీ పిల్లల వాటా ఎంత, ఆ వాటా మేరకు వాళ్ల సీట్లెన్ని అన్నది పద్దులవారీగా ప్రకటించాలి. రోడ్లకు, ఫ్లైఓవర్లకు సబ్ ప్లాన్ డబ్బు పోయిన రోజులు మనం మరిచిపోలేదు.

భూమి ఎవరిది?

105 క్యాంపసులకు 20 నుంచి 25 ఎకరాల చొప్పున 2,100 నుంచి 2,625 ఎకరాలు కావాలి. ఊళ్లో ఒకేచోట 25 ఎకరాల ప్రభుత్వ భూమి ఎక్కడుంది? చాలా ఊళ్లలో రికార్డులో ప్రభుత్వ భూమిగా కనిపించేది, వాస్తవంలో దళితులు దున్నుకుంటున్న అసైన్డ్ భూమి. బడి పేరు చెప్పి తీసుకుంటే ఎదురు చెప్పడం కష్టం. ఒక దళిత కుటుంబం ఎకరం పోగొట్టుకుని, ఇంకో దళిత కుటుంబం పిల్లవాడు అక్కడ సీటు తెచ్చుకోవడం ఏ సామాజిక న్యాయం?

640 మంది బడికి నాలుగైదు ఎకరాలు చాలు. అంత స్థలం మండల కేంద్రంలో, బస్సు దిగి నడిచిపోయే దూరంలో దొరుకుతుంది. కూలి మానుకుని పిల్లల్ని చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులకు ఆ దూరం కూడా ఖర్చే.

చిన్న పనులు చాలాచోట్ల చేయగలరా?

662 చోట్ల పని జరిగితే ఎవరు పర్యవేక్షిస్తారు అని ఇంజినీర్లు అడుగుతారు. 2022లో మొదలైన మన ఊరు మన బడి గుర్తుచేస్తారు. 26,065 బడులు, 7,289 కోట్లు అన్నారు, సగటున బడికి 28 లక్షలు. బిల్లులు రాక చాలాచోట్ల పనులు మధ్యలో ఆగాయి. అందులో పాఠం ఉంది. పనులు ఆగింది చిన్నవి కావడం వల్ల కాదు, డబ్బు విడుదల కాకపోవడం వల్ల. 200 కోట్ల పనికీ బిల్లు రాకపోతే అదీ ఆగుతుంది. తేడా ఏమిటంటే 20 కోట్ల పని ఒకటి ఆగితే 640 మంది నష్టపోతారు, 200 కోట్ల పని ఆగితే 2,560 మంది.

మూడు ప్రామాణిక డిజైన్లు చేసి, ఒక్కో జిల్లాకు ఒక పర్యవేక్షణ బృందం పెట్టి, ఏ నెలలో ఎంత బిల్లు చెల్లించారో బడి గేటు దగ్గరే బోర్డు మీద రాస్తే చాలావరకు సమస్య తీరుతుంది. పైగా పని 20 కోట్లదైతే స్థానిక కాంట్రాక్టర్లు, వారిలో దళిత, ఆదివాసీ కాంట్రాక్టర్లు టెండర్‌లో నిలబడగలరు. 200 కోట్ల టెండర్ ఎవరి కోసమో అందరికీ తెలిసిందే.

భవనంతోనే అంతా అయిపోదని కూడా చెప్పాలి. 2024లో జగిత్యాల జిల్లా పెద్దాపూర్ గురుకులంలో పిల్లలు చనిపోయారు. అదే ఏడాది ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి ఆశ్రమ పాఠశాలలో తిండి తిని జబ్బుపడ్డ విద్యార్థిని ప్రాణం పోయింది. ఆ ప్రాణాలను ఆడిటోరియం కాపాడేది కాదు. శుభ్రమైన వంటగది, పొదలు లేని ఆవరణ, రాత్రిపూట మనిషి, అంబులెన్సు దారి కాపాడేవి. అందుకే మిగిలే డబ్బులో మొదటి వాటా వీటికే పోవాలి.

ఇప్పుడు ఏం చేద్దాం?

105 క్యాంపసుల్లో పని సగానికి వచ్చినవాటిని ఆపమని మేము అడగడం లేదు. మొదలుకాని వాటి టెండర్లను పక్కనపెట్టి ఈ మూడు పనులు చేయమంటున్నాం. ఒకటి, సొంత భవనం లేని 662 గురుకులాల జాబితాను ఊరు, అద్దె, పిల్లల సంఖ్య, బాత్‌రూంల సంఖ్యతో సహా బయటపెట్టాలి. రెండు, ఇంటిగ్రేటెడ్ క్యాంపస్‌కు, విడి భవనాలకు పక్కపక్కన అంచనా వ్యయం వేసి శాసనసభలో పెట్టాలి. మూడు, ఏ పద్దు నుంచి ఎంత తీస్తున్నారో, ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి వాటా ఎంతో చెప్పాలి.

ప్రభుత్వం చెప్పేదాకా ఆగక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తు ఫీజు పది రూపాయలు. మన దగ్గర ప్రతి జిల్లా నుంచి వచ్చిన విద్యార్థులున్నారు. సెలవులకు ఊరెళ్లినప్పుడు మీరు చదివిన గురుకులానికి వెళ్లండి. పడక గదికి ఎంతమంది, బాత్‌రూంలు ఎన్ని, భవనం ఎవరిది, అద్దె ఎంత, బకాయి ఎంత, పక్కన ప్రభుత్వ స్థలం ఉందా అని ఒక కాగితం మీద రాసుకురండి. సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్న మిత్రులు మా 100 అడుగుల లెక్కను, 2,500 రేటును సరిచూసి తప్పుంటే చెప్పండి. ఎకనామిక్స్ విద్యార్థులు అప్పు, వడ్డీ లెక్క తీయండి. లా విద్యార్థులు ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ముందు పెట్టుకుని కూర్చోండి.

2025 డిసెంబరులో ఉస్మానియాకు వచ్చిన ముఖ్యమంత్రి యూనివర్సిటీ అభివృద్ధికి 1,000 కోట్లు ప్రకటించారు. సంతోషమే. ఆ డబ్బుతో కట్టే హాస్టళ్లలోకి రాబోయేది ఇవాళ అద్దె గురుకులాల్లో ఐదో తరగతి చదువుతున్న పిల్లలే. వాళ్లు ఇక్కడిదాకా రావాలంటే ముందు అక్కడ నిద్రపోవడానికి చోటుండాలి. 662 గురుకులాల్లో ఆ చోటు ఇవ్వడానికి డబ్బు సరిపోతుందని ప్రభుత్వ అంకెలే చెబుతున్నాయి. మనం చేయాల్సింది ఆ అంకెలను బస్తీ బస్తీకీ, హాస్టల్ హాస్టల్‌కూ తీసుకెళ్లి ప్రశ్నగా మార్చడం.